ఆ కొయ్య పెట్టె వయస్సెంత?

పాత సామాన్ల కొట్టు కనబడితే కాళ్ళు ఆగిపోవడం నాకున్న జబ్బు. దానికి మందు లేదని మా ఆవిడ ఎప్పుడో తేల్చేసింది. ఆ మధ్య రాజమండ్రిలో ఒక సందు మొగలో అలాగే ఆగాను. తుప్పు పట్టిన బక్కెట్లు, చిల్లులు పడ్డ బిందెలు, మూడు కాళ్ళ కుర్చీలు (నాలుగోది పోయినవన్న మాట) గుట్టగా పడి ఉన్నాయి. వాటి కింద నుంచి నల్లటి కొయ్యముక్క ఒకటి తొంగిచూస్తోంది. లాగాను.

జానెడు పొడుగు, బెత్తెడు వెడల్పు. ఒక కొస గుండ్రంగా, రెండో కొస సన్నంగా, మామిడికాయను బల్లచెక్క కింద పెట్టి నొక్కినట్టుంది. అది ఒక చెక్క కాదు, రెండు. పై చెక్కను పక్కకు తోస్తే, సన్నటి కొస దగ్గర ఉన్న స్క్రూ మీద తిరిగి విసనకర్రలా విచ్చుకుంటుంది. కింది చెక్కలో లోపలంతా గుంటలే. వెడల్పు వైపు చిన్న చిప్ప పట్టేంత గుండ్రటి గుంట ఒకటి. దాని పక్కనుంచి దాదాపు కొసదాకా సన్నటి కాలవ. ఆ కాలవ సరిగ్గా నడిమికి వచ్చేసరికి ఒక పక్కకు కాస్త ఉబ్బింది. మిగిలిన చోట ఒకదాని వెనుక ఒకటిగా నాలుగు గుండ్రటి గుంటలు, తల్లి వెనుక పిల్లల్లాగా, క్రమంగా చిన్నవవుతూ. అన్నిటికంటే చివర వేలి గోరంత గొయ్యి, దానికి విడిగా బుల్లి మూత. లోపల మటుకు ఏమీ లేదు, దుమ్ము తప్ప.

“ఇదేమిటయ్యా?” అన్నాను.

“పాతదండి,” అన్నాడు కొట్టతను.

“ఎంత పాతది?”

అతను నా మొహంకేసి ఒకసారి, నా చేతి సంచీకేసి ఒకసారి చూసి, “మూడొందల ఏళ్ళుంటాయండి. జమీందారు గారింట్లోదండి,” అన్నాడు. అయిదువందల రూపాయలన్నాడు. మూడువందల యాభైకి ఇచ్చాడు. జమీందారు గారి సొత్తుకు ఏడాదికి రూపాయి చిల్లర పడ్డదన్న మాట.

ఇంటికి తెస్తే మా ఆవిడ తిప్పి తిప్పి చూసి, “కజ్జికాయల చెక్కా? ఇందులో ఒత్తితే ఒక పెద్ద కాయా, నాలుగు పిల్లకాయలూ వస్తాయి కాబోలు,” అంది. పక్కింటి పిన్నిగారు కుంకుమ భరిణె అన్నారు. ఒక గుంటలో కుంకుమ, ఒకదాంట్లో పసుపు, ఒకదాంట్లో కాటుక, కాలవలో దువ్వెన పుల్ల అని ఆవిడ లెక్క చెప్పేశారు కూడా.

నా ఊహ నాకుంది. ఇరవై ఏళ్ళుగా తెలుగు పాఠం చెబుతున్నవాడికి నల్లటి కొయ్యలో సన్నటి కాలవ కనిపిస్తే ఏం తోస్తుంది? గంటం! తాటాకు మీద గంటంతో గీసి, ఆ గీతల్లోకి మసి రుద్దితేగాని అక్షరం కనబడదు కదా. కాలవలో గంటం, పెద్ద గుంటలో మసి, చిన్న గుంటల్లో పసరూ గిసరూ. ఇది ఏ మహాకవి చేతిపెట్టెయో! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కాలేజీ లైబ్రరీలో గాజు బీరువా, అందులో ఈ పెట్టె, కింద అట్టముక్క మీద నా పేరు కూడా కళ్ళముందు కనిపించాయి. ఆ కవి ఎవరో కూడా దాదాపు నిర్ణయించేశాను. ఆయన పేరు ఇక్కడ చెప్పను. నా పరువు సంగతి అలా ఉంచి, ఆయన పరువైనా దక్కాలి.

మర్నాడు పెట్టెను కాలేజీకి పట్టుకెళ్ళి, వృక్షశాస్త్రం చెప్పే మిత్రుడి ముందు పెట్టాను. ఆయన నాలాగా కవిత్వంలో పడే మనిషి కాదు. “చూశారా, ఎంత నల్లబడిందో! ఎన్ని వందల ఏళ్ళో!” అంటే, “మా ఇంట్లో రోకలి కూడా నల్లగానే ఉంటుంది. కిందటేడు కొన్నదే,” అన్నాడు.

రంగు సాక్ష్యం చెల్లదట. పొగ తగిలినా, నూనె చేతులు రోజూ తగిలినా పదేళ్ళలో కొయ్య నల్లబడుతుంది. టీ డికాక్షనుతోనో, బూటు పాలిష్‌తోనో సాయంత్రానికల్లా వయస్సు తెప్పించగల ఘనులు కూడా ఉన్నారు. చేతిపని అన్నదీ అంతే. పెట్టె అడుగున బాడిత దెబ్బలు చేప పొలుసుల్లా చక్కగా కనిపిస్తున్నాయి. గుండ్రటి మర రంపం కోస్తే పడే విల్లువంపు గీతలు ఎక్కడా లేవు. అయితే మాత్రం? బాడిత పట్టే వడ్రంగులు ఈనాటికీ ఉన్నారు కదా.

ఒక మూల చిట్లిన చోట భూతద్దం పెట్టి చూసి, “టేకు,” అన్నాడు. టేకులో ఏడాదికొక వలయం పడుతుంది. వలయం మొదట్లో పెద్ద రంధ్రాలు వరసగా కనిపిస్తాయి. వాటిని బట్టి కొయ్య ఏదో చెప్పవచ్చు. ఎప్పటిదో చెప్పడం వేరే సంగతి. వానలు బాగా పడ్డ ఏడాది వలయం వెడల్పుగా, కరువు ఏడాది సన్నగా ఉంటుంది కనుక, ఆ వరసను వయస్సు తెలిసిన చెట్ల వరసతో సరిపోల్చి సంవత్సరం తేల్చే శాస్త్రం ఒకటి ఉంది. అమెరికాలో డగ్లస్ అనే ఖగోళ శాస్త్రవేత్త 1929లో ఒక కాలిన దూలం దొరకబట్టి, దాని సాయంతో అక్కడి ఆదివాసుల పాత కట్టడాలకు సంవత్సరాలు కట్టాడు. మన టేకు వలయాల మీద పూణేలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థవారు పని చేసి, పాతకాలపు వానల సంగతులు రాబట్టారు. కాని దూలానికి వందలాది వలయాలుంటాయి. నా పెట్టెలో లెక్కపెడితే ఇరవై మూడు. నాలుగు అక్షరాలు చూపించి ఏ కావ్యంలోవో చెప్పమన్నట్టుంటుంది.

“మరి ఆ కార్బన్ పరీక్ష?” అన్నాను. ఆశ చావదు కదా.

1949లో లిబ్బీ అనే శాస్త్రజ్ఞుడు బయటపెట్టిన పద్ధతి అది. దానికి 1960లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. వేల ఏళ్ళనాటి వస్తువులకు అది బ్రహ్మాస్త్రమే. కాని సుమారు 1650 నుంచి 1950 దాకా ఉన్న మూడువందల ఏళ్ళలో దాని జవాబు మసకబారుతుంది. ఒకే కొలత రెండు మూడు వేర్వేరు కాలాలకు సరిపోతుంది. పైగా అది చెప్పేది ఆ కొయ్య చెట్టులో పెరిగిన కాలం. పెట్టె చేసిన కాలం కాదు. ముత్తాత ఇంటి దూలం ముక్కతో మునిమనుమడు పీట చేయించుకుంటే, పరీక్ష ముత్తాత కాలమే చెబుతుంది. అన్నిటికీ మించి, ముక్క కోసి ఇవ్వాలి. ఆ మాటతో నేను పెట్టె మూసేశాను.

“ఉండండి, స్క్రూ చూద్దాం,” అన్నాడు మిత్రుడు.

ఇక్కడ పాఠకులకు పనికివచ్చే ముక్క ఒకటి చెప్పాలి. పాత కొయ్య సామాను వయస్సు చూడాలంటే ముందు కొయ్యను కాదు, దానికి దిగ్గొట్టిన ఇనుమును చూడాలి. చేత్తో కొట్టిన మేకు పలకలుగా ఉంటుంది. తీగతో మర మీద చేసిన గుండ్రటి మేకులు విరివిగా వచ్చింది పందొమ్మిదో శతాబ్దం చివర. స్క్రూలు మొదట్లో ఆకురాయితో చేత్తో తీర్చినవి కావటాన దేని మర దానిదే. 1800 ప్రాంతాన మాడ్‌స్లే అనే ఆంగ్లేయుడు మరలు కోసే యంత్రం తయారుచేశాక అన్నీ ఒకే తీరుగా రావటం మొదలైంది. అప్పటికీ వాటి కొస మొద్దుగానే ఉండేది. ముందు చిల్లు పొడిస్తేగాని దిగేది కాదు. కొస సూదిగా ఉన్న స్క్రూకు అమెరికాలో 1846లో పేటెంటు పుచ్చుకున్నారు. ఆ హక్కులు కొని 1854 నుంచి ఇంగ్లండులో నెటిల్‌ఫోల్డ్ కంపెనీ వాటిని లక్షల మీద చేసింది. నెత్తిన కూడిక గుర్తు ఉన్న స్క్రూ అయితే మరీ మొన్నటిది, 1930ల తర్వాతది.

మా పెట్టె స్క్రూ నెత్తిన గీత ఒక్కటే. నెమ్మదిగా తిప్పి తీశాం. కొస సూదిగా ఉంది.

మహాకవి ఆ క్షణంలోనే గాజు బీరువాలోంచి లేచి వెళ్ళిపోయాడు. కాని చిల్లులోకి టార్చి వేసి చూసిన మిత్రుడు, “అరే!” అన్నాడు. చిల్లు చుట్టూ మరో రంగు కొయ్య వలయం ఉంది. అంటే మొదట అక్కడ పెద్ద చిల్లు ఉండేది. అందులో కొయ్యమేకో మరొకటో తిరుగుతుండేది. అది అరిగిపోయాక, చిల్లును కొయ్యబిరడాతో పూడ్చి, మధ్యన ఈ స్క్రూ దిగ్గొట్టారు. స్క్రూ వయస్సు మరమ్మతు వయస్సేగాని పెట్టె వయస్సు కాదు! మహాకవి గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగి చూశాడు.

మరి కాలవ నడిమిలో ఆ ఉబ్బు ఎందుకు? గంటానికి నడుం మీద కణితి ఉండదు. ఈ ప్రశ్నను నేను రెండు వారాలపాటు చూసీ చూడనట్టు ఊరుకున్నాను. గురివింద గింజ తన కింద నలుపెరగదన్నారు. నా ఊహ కింద ఉన్న నలుపు నాకూ కనబడలేదు.

మా ఆవిడ దిద్దు ఒకటి విరిగింది. దానవాయిపేటలో చిన్న అరుగు మీద పని చేసే పెద్దాయన దగ్గరికి వెళుతూ, “ఆ పెట్టె కూడా పట్టుకురండి. ఆచారిగారు పాతకాలపు మనిషి,” అంది. ఆయనకు ఎనభైకి రెండో మూడో తక్కువ. ముందున్న బల్ల మీద కరెంటు కాటా. దాని గాజు తలుపుల వెనక అంకెలు ఎర్రగా మెరుస్తున్నాయి. దిద్దు పుచ్చుకుని పక్కన పెట్టి, నా చేతిలోది చూసి చెయ్యి చాచారు.

నేను రెండు చేతులతో తంటాలు పడి తెరిచే పెట్టెను ఆయన ఎడమ చేత్తో పట్టుకుని, బొటనవేలితో ఒక్క తోపు తోశారు. అది విచ్చుకుంది. ఆయన ‘ఇదేమిటి’ అని అడగలేదు.

“ఎవరిదండీ ఈ త్రాసు పెట్టె?” అన్నారు.

త్రాసు! ఇక ఆయన చెబుతుంటే ప్రతి గుంటా నోరు తెరిచి మాట్లాడినట్టే అయింది. పెద్ద గుంటలో ఇత్తడి చిప్పలు రెండూ ఒకదాంట్లో ఒకటి బోర్లించి పెడతారు. కాలవలో త్రాసు కోల. ఆ ఉబ్బు కోల నడిమిన నిలబడే ముల్లుకు. చిప్పల దారాలు కోలకే చుట్టేస్తారు. మూత వేసి మొలలో దోపుకుని, పెళ్ళివారింటికి వెళ్ళి అరుగు మీద కూర్చుని, పదిమందీ చూస్తుండగా బంగారం తూచి తీసుకునేవారట. నగ ఇచ్చే రోజున మళ్ళీ అక్కడే, అదే త్రాసులో తూచి ఒప్పగించాలి.

“మరి ఈ నాలుగు గుంటలూ?”

“ఇంట్లో పాత వెండి రూపాయి ఉందా మాస్టారూ? రేపు పట్టుకురండి.”

ఉంది. మా మామ్మ నాటినుంచి దేవుడి గదిలో, వరలక్ష్మీ వ్రతానికి కలశం దగ్గర పెట్టే రూపాయి. అయిదో జార్జి బొమ్మతో 1919 నాటిది. శుక్రవారం లోపల తిరిగి రావాలన్న షరతు మీద మా ఆవిడ ఇచ్చింది. ఆచారిగారు దాన్ని మొదటి గుంటలో పెట్టారు. కొలత తీసి చేసినట్టు కూర్చుంది. తరువాత తన రేకు డబ్బాలోంచి అర్ధరూపాయి తీసి రెండో గుంటలో, పావలా తీసి మూడో గుంటలో పెట్టారు. రెండూ కూర్చున్నాయి. నాలుగోదాని కోసం డబ్బా అంతా గాలించి, చొక్కా గుండీ అంత వెండి బిళ్ళ ఒకటి తీశారు. ఒకవైపు విక్టోరియా రాణి. “బేడ,” అన్నారు.

పావలా అన్న మాట మన నోళ్ళలో ఇంకా ఉంది. బేడ పోయింది. రెండణాలన్న మాట. మా పిల్లల క్లాసులో అడిగితే బేడీలకు ఏకవచనం అన్నాడొకడు.

ఇందులో కిటుకు చూడండి. 1833లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం తులం అంటే 180 గ్రెయిన్లని నిర్ణయించింది. 1835లో దేశమంతటికీ ఒకే రూపాయి అచ్చువేస్తూ దాన్ని సరిగ్గా తులం ఎత్తుకే వేసింది. అంటే 11.66 గ్రాములు. అర్ధరూపాయి అరతులం, పావలా పావుతులం, బేడ తులంలో ఎనిమిదో వంతు. తూనికరాళ్ళు వేరే ఎందుకు? సర్కారు టంకసాలే రాళ్ళు చేసి పంపిస్తోంది! అంతకంటే తక్కువ తూచాలంటే ఆ చివరి బుల్లి గోతిలో ఉండేవి గురివింద గింజలు. తులానికి 96 గింజలు. ఆ లెక్కన బేడకు పన్నెండు. గింజలన్నీ ఒకే బరువుండవు కదా అంటే, “ఉండవు. అందుకే దోసెడు తెచ్చి, తూచి ఏరుకుంటాం. తూకం రూపాయి కూడా అంతే. అరగనిది చూసి పక్కన పెడతాం. ఆకలేసినా ఖర్చు పెట్టం,” అన్నారు. (ఆ గింజలు చూడ ముచ్చటగా ఉంటాయని పిల్లల చేతికివ్వకండి. నమిలితే ప్రాణం తీసే విషం.)

ఇంతవరకు పెట్టె ఏమిటన్నది తేలింది. వయస్సు కూడా ఆ గుంటల్లోనే ఉందని నాకు ఇంటికి వచ్చాక తట్టింది.

కంపెనీ రూపాయికి ముందు ఈ సీమలో చెల్లిన నాణేలు ఈ కొలతవి కావు. మద్రాసు రాజధానిలో 1818 దాకా వరహాలదే రాజ్యం. వరహా బుల్లి బంగారు నాణెం. ఇక వెండి బేడను కంపెనీవారు మొదటిసారి అచ్చువేసింది 1841లో. నాలుగో గుంట బేడ కోసమే తొలిచారంటే పెట్టె అంతకుముందుది కానేరదు. ఇది గట్టి మాట. రెండో వైపు చూస్తే, వెండి బేడ 1917తో ఆగిపోయింది. 1918 నుంచి వచ్చిన బేడ తెల్లటి మిశ్రలోహంతో చేసినది, పైగా నలుచదరం. అది ఈ గుండ్రటి గుంటలో పట్టదు. ఆ తర్వాత పెట్టె చేయించుకునేవాడు అప్పటికే మాయమైపోతున్న బిళ్ళకు గుంట తొలిపించుకోవలసిన అవసరం ఏముంది? కనుక 1920 దాటి ఉండదంటాను. ఇది కాస్త మెత్తటి మాట. పాత బేడ దాచుకున్నవాళ్ళు ఉండకపోరు.

నాలుగో గుంట తర్వాత తొలిచిందేమో అనే అనుమానం మీకు రావచ్చు. నాకూ వచ్చింది. భూతద్దంతో చూస్తే నాలుగు గుంటల్లోనూ ఒకే ఉలి పంటి గాటు. ఆ ఉలి మొనలో చిన్న నొక్కు ఉంది కాబోలు, అన్ని గుంటల అడుగునా అదే సన్నటి గీత మిగిల్చింది. మరొక సంగతి. రూపాయి గుంటలో బిళ్ళ అడ్డంగా బిగుతుగానూ, నిలువుగా వెంట్రుకవాసి సందుతోనూ ఉంది. కొయ్య ఎండేకొద్దీ అడ్డంగా కుంచించుకుపోతుంది, నిలువుగా దాదాపు మారదు. గుండ్రంగా తొలిచిన గుంట కాలం గడిచినకొద్దీ కోలగా మారుతుంది. టేకు తక్కువ కుంచించే కొయ్య కనుక ఈ తేడా కంటికి కాదు, గోటికే తెలుస్తుంది. 1947లో వచ్చిన నికెలు రూపాయి కూడా పెట్టి చూశాను. బరువు అదే అయినా వెడల్పు తక్కువ. గుంటలో గలగలలాడింది.

కొట్టతని మూడువందల ఏళ్ళు సగానికి సగం తెగిపోయాయి. నా మహాకవి పూర్తిగా తెగిపోయాడు. కాని గురువారం రూపాయి తిరిగి తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు, నేను అడగని వయస్సు ఒకటి ఆచారిగారు చెప్పారు.

“ఇది ఎప్పుడు పుట్టిందో మీరు లెక్క కట్టారు. ఎప్పుడు పోయిందో నేను చెబుతాను. అరవైమూడు,” అన్నారు.

చైనా యుద్ధం మరుసటి జనవరి. 1963లో మొరార్జీ దేశాయ్ ఆర్థికమంత్రిగా ఉండగా బంగారం అదుపు నిబంధనలు వచ్చాయి. విదేశీ మారకం మిగలాలి, జనం బంగారం మోజు తగ్గాలి అని, కొత్త నగ ఏదీ 14 క్యారట్లకు మించి చేయకూడదన్నారు. అంటే 24 పాళ్ళలో 14 పాళ్ళే బంగారం. పుస్తెలు కూడా అంతే! ఆ పుస్తెలు ఏ తల్లి ఒప్పుకుంటుంది? పనివాళ్ళ చేతిలో పని ఆగిపోయింది. దేశంలో ప్రాణాలు తీసుకున్న కంసాలులు కూడా ఉన్నారు. 1968లో చట్టమే చేశారు. తర్వాత కొన్ని సడలించినా, ఆ చట్టం రద్దయ్యేసరికి 1990.

“అప్పటికి నాకు పదిహేనేళ్ళు. మా నాన్నగారు మూడు నెలలు చూశారు. త్రాసు చిప్పలు, కోల ఇత్తడి కనుక తూకానికి అమ్మేశారు. జీవితమంతా తూచిన త్రాసును ఇంకొకడు కాటాలో వేసి తూచాడు. కొయ్య పెట్టె ఎవడిక్కావాలి? పారెయ్యలేక అటకెక్కించారు. మా వీధిలో అందరిదీ అదే కథ. అవన్నీ తర్వాత తర్వాత ఇళ్ళు పడగొట్టేటప్పుడు బయటపడ్డాయి. మీ పెట్టె ఖాళీగా ఎందుకుందో తెలిసిందా?”

ఆ తర్వాత ఆయన తండ్రిగారు ఒక సైకిలు షాపులో పనికి కుదిరారట. నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ కుంపటి రాజేశారు. అప్పటికి చేతి వణుకు వచ్చేసింది.

పెట్టె ఉంచుకోమన్నాను. వద్దన్నారు. “మా అబ్బాయి చెన్నైలో కంప్యూటరు పని చేస్తాడు. నా తర్వాత ఇది మళ్ళీ మీరు కొన్న కొట్టుకే వెళుతుంది. మీ దగ్గరే ఉండనివ్వండి. పాలిష్ మాత్రం వెయ్యకండి. నీళ్ళతో కడగకండి. పొడిగుడ్డతో తుడవండి, చాలు.” డబ్బా విప్పి, ఏరి ఉంచుకున్న గురివింద గింజలు పన్నెండు లెక్కపెట్టి బుల్లి గోతిలో పోసి మూత పెట్టారు. బేడ ఇవ్వలేదు. అది ఆయనకింకా కావాలట.

శుక్రవారం పొద్దున్నే మా ఆవిడ రూపాయి ఏదని కేకేసింది. గుంటలోంచి తీయబోతే రాదు. అప్పుడు గమనించాను, గుంట అంచున ఒకచోట చిన్న నొక్కు. గోరు పెట్టి పైకి ఎత్తడానికి. ఉలి తొలిచిన నొక్కే అయినా, వాడగా వాడగా దాని అంచు నున్నగా అరిగిపోయింది. నా బొటనవేలి గోరు దాంట్లో పెట్టాను. రూపాయి సులువుగా లేచి వచ్చింది.